హైదరాబాద్ తోటల్లో ఉత్తర అమెరికా చెట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లోనో, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోనో చెట్లు చూడ్డానికి వచ్చేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది. కొన్నిటి దగ్గర కాస్త నిలబడి మాట్లాడుకోవాలి.

హైదరాబాద్‌లో ఉత్తర అమెరికా చెట్లు నిజంగా ఉన్నాయా?

బోలెడన్ని ఉన్నాయి. ఉత్తర అమెరికా అనగానే మనకు అమెరికా, కెనడాలే గుర్తొస్తాయి. కానీ మెక్సికో, గ్వాటెమాలా, కిందికి పనామా దాకా ఉన్న సన్నటి నేల, క్యూబా, జమైకా లాంటి దీవులు కూడా ఆ ఖండంలోవే. మనకు వచ్చిన చెట్లలో ఎక్కువ భాగం ఆ దక్షిణపు కొస నుంచే వచ్చాయి.

రోడ్డు మీద గొడుగు పట్టే నిద్రగన్నేరు, గుడి దగ్గరి దేవగన్నేరు, కాంపౌండ్ గోడ పక్కన పచ్చగన్నేరు, పసుపు గంటల్లాంటి పూలు పూసే టెకోమా, పొలం గట్టున గ్లిరిసిడియా, మేకలు ఎగబడే సుబాబుల్, పిల్లలు రాళ్లు వేసే సీమచింత, పెరట్లో సపోటా, జామ. వీటిలో కొన్ని దక్షిణ అమెరికా ఉత్తర భాగంలోనూ సహజంగా పెరుగుతాయి. ఏదేమైనా అమెరికా చెట్టు చూడాలంటే వీసా అక్కర్లేదు, వీధి చివరిదాకా నడిస్తే చాలు.

మరి హైదరాబాద్‌ది ఉపఉష్ణ (సబ్‌ట్రాపికల్) వాతావరణమేనా?

లెక్క ప్రకారం కాదు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, కర్కటరేఖకు బాగా దక్షిణాన ఉంది. కాబట్టి మనది ఉష్ణమండలమే. కాకపోతే దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాం. డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల చుట్టుపక్కలకు, ఒక్కోసారి ఇంకా కిందికి దిగుతాయి. అందుకే ఫ్లోరిడా లాంటి ఉపఉష్ణ ప్రాంతాల చెట్లు కూడా కొన్ని ఇక్కడ సర్దుకుపోతాయి.

అసలు విషయం మ్యాప్ చూస్తే అర్థమవుతుంది. హైదరాబాద్ నుంచి అదే అక్షాంశం మీద భూమిని చుట్టి వెళ్తే మెక్సికోలోని అకపుల్కో, ఒవహాకా, ఆ పక్కన బెలీజ్ దగ్గర తేలతాం. అకపుల్కోలో కూడా వాన దాదాపు అంతా జూన్ నుంచి అక్టోబరు లోపే పడుతుంది, మిగతా నెలలన్నీ పొడి. ఎండాకాలం ముందు ఆకు రాల్చి, మోడు మీదే పూసి, తొలకరికల్లా కాయ పగలగొట్టే చెట్టు అక్కడ ఏ క్యాలెండర్ పాటించిందో ఇక్కడా అదే పాటిస్తుంది. ఒక చెట్టు మన దగ్గర బతుకుతుందా లేదా అన్నది దేశం పేరు చూసి చెప్పలేం. ఆ చెట్టు సొంత ఊళ్లో వాన ఎప్పుడు పడుతుంది, చలి ఎంత ఉంటుంది అని చూడాలి. కింద ఉన్న చాలా జవాబులకు మూలం ఈ ఒక్క మాటే.

ఇంత దూరం ఎలా వచ్చాయి?

ఓడల మీద. 1565 నుంచి 1815 దాకా స్పెయిన్ వాళ్ల ఓడలు అకపుల్కోకూ ఫిలిప్పీన్స్‌లోని మనీలాకూ మధ్య తిరిగేవి. మెక్సికో చెట్లు చాలా వరకు ఆ దారిలో ఆసియాలో అడుగుపెట్టాయి. పోర్చుగీసువాళ్లు కొన్ని తెచ్చారు. ఆ తర్వాత ఈస్టిండియా కంపెనీ తోటలు వచ్చాయి. 1795లో వెస్టిండీస్ నుంచి కలకత్తా తోటకు మహాగని మొక్కలు చేరాయి.

ఈ కథలో తెలుగు నేలకు కూడా చోటుంది. సామర్లకోటలో కంపెనీ తరఫున తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద రాసిన గ్రంథంలో 1798లో సీమచింతను బొమ్మతో సహా వర్ణించాడు. మెక్సికో చెట్టుకు శాస్త్రలోకంలో పేరు మన తీరం మీది మొక్కను చూసి వచ్చిందన్నమాట. ఇంకొకటి అంత సంతోషంగా చెప్పుకునేది కాదు. 1877 ప్రాంతంలో జమైకా నుంచి తెప్పించిన సర్కారు తుమ్మ విత్తనాలు కడప జిల్లా కమలాపురంలో నాటారు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ఏ నెలలో వస్తే ఏం కనిపిస్తాయి?

ఒక్కసారే రాగలిగితే ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటివారం లోపు, పొద్దున్నే రండి. పింక్ టబేబుయా అప్పుడే పూస్తుంది. ఐటీ కారిడార్ రోడ్ల పక్కన జనం ఆగి ఫోటోలు దిగేది దీని కిందే. మెక్సికో నుంచి ఈక్వెడార్ దాకా దీని సొంత నేల, ఎల్ సాల్వడోర్‌కు జాతీయ వృక్షం. అదే వరసలో పసుపుపచ్చగా పూసే టబేబుయా మాత్రం దక్షిణ అమెరికాది.

మార్చి, ఏప్రిల్‌లో తెల్లబూరుగ కాయలు పగులుతాయి, సీమచింత పండుతుంది, నిద్రగన్నేరు గులాబీ కుచ్చులు వేస్తుంది. ఎండ ముదిరే కొద్దీ దేవగన్నేరు విరగబూస్తుంది. టెకోమా ఏడాదిలో ఎక్కువ నెలలు పూలతోనే ఉంటుంది. వానాకాలంలో చూడ్డానికి పచ్చదనం తప్ప పెద్దగా ఏమీ ఉండదు, దోమలు మాత్రం ఉంటాయి.

తెల్లబూరుగకూ మన బూరుగకూ తేడా ఎలా కనిపెట్టాలి?

పూలున్నప్పుడు అయితే చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. మన బూరుగకు అరచేయంత ఎర్రటి పూలు, దూరం నుంచే కనిపిస్తాయి. తెల్లబూరుగ పూలు చిన్నవి, మీగడ రంగువి, గుత్తులుగా కొమ్మకు వేలాడతాయి. రాత్రిపూట విచ్చుకుంటాయి, గబ్బిలాలు వచ్చి తేనె తాగి పుప్పొడి మోసుకెళ్తాయి.

పూలు లేనప్పుడు కాండం దగ్గరికి వెళ్లండి. లేత తెల్లబూరుగ కాండం ఆకుపచ్చగా ఉంటుంది. ఎండలో ఆకులు రాలిపోయినా ఆ పచ్చటి బెరడు ఎండను పట్టుకుని ఆహారం తయారుచేసుకుంటూనే ఉంటుంది. దాని మీద కోన్ ఆకారంలో మొద్దు ముళ్లు, వయసు పెరిగేకొద్దీ చాలావరకు రాలిపోతాయి. తల ఎత్తి చూస్తే కొమ్మలు ఒకే ఎత్తులో చుట్టూ, నేలకు సమాంతరంగా చాచుకుని, అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి.

కాయ పగిలే రోజుల్లో కింద కాసేపు నిలబడాలి. గట్టి తొక్క చీలి, లోపలి నుంచి పట్టులాంటి దూది కొంచెం కొంచెంగా ఉబికి వస్తుంది. గాలి తగలగానే విడిపోయి, ఒక్కో పోగులో మిరియం గింజంత నల్లటి విత్తనాన్ని పెట్టుకుని పోతుంది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలీదు. ఆ పోగు లోపల డొల్ల, పైన మైనపు పూత ఉంటాయి. అందుకే నీళ్లు అంటవు. ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లలో దీన్నే కుక్కేవారు. మన ఇళ్లలో దిళ్లలో కుక్కుకున్నాం.

మాయా ప్రజలకు ఇది పవిత్ర వృక్షం. పాతాళాన్నీ భూమినీ ఆకాశాన్నీ కలిపి నిలబెట్టేది ఇదేనని వాళ్ల నమ్మకం. ఇప్పటికీ గ్వాటెమాలా జాతీయ వృక్షం ఇదే. రావిచెట్టును మనం చూసే చూపుతో వాళ్లు దీన్ని చూస్తారు. ఇది తెలిసిన తర్వాత దీని కింద చెప్పులేసుకుని నిలబడడం కూడా నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

గుల్మొహర్ కూడా అమెరికాదేనా?

కాదు, మడగాస్కర్‌ది. జకరండా, బోగన్‌విలియా దక్షిణ అమెరికావి. ఆకాశమల్లె మన వైపుదే, బర్మా చుట్టుపక్కలది. ఇక సింగపూర్ చెర్రీ అని పిల్లలు కోసుకు తినే చెట్టుకు సింగపూర్‌తో పుట్టు సంబంధం లేదు, దాని సొంతూరు దక్షిణ మెక్సికో వైపు.

నిద్రగన్నేరు గాలివానకు ఊరికే కూలిపోతుందంటారు. కొట్టేయించాలా?

దయచేసి తొందరపడొద్దు. మే నెల గాలిదుమారాల్లో నగరంలో పడిపోయే చెట్లలో ఇవి ఉంటాయన్నది నిజమే. దీని కొమ్మల గుబురు పక్కలకు విస్తరిస్తుంది, కర్ర పెళుసు, వేళ్లు పైపైనే పరుచుకుంటాయి. కానీ పడిన చెట్టు మొదలు చూడండి. చాలాసార్లు ఫుట్‌పాత్ టైల్స్ కాండం దాకా బిగించేసి ఉంటాయి, డ్రైనేజీ కోసమో కేబుల్ కోసమో ఒక పక్క వేళ్లన్నీ నరికేసి ఉంటాయి. వైర్లకు అడ్డమని కొమ్మలు కూడా ఒక పక్కనే కొట్టేస్తారు. ఇటు వేళ్లూ లేక, అటు బరువూ సరిలేక ఆ చెట్టు ఎలా నిలబడుతుంది?

ఇరవై ముప్పై ఏళ్ల నీడను మళ్లీ తెచ్చుకోవడం మన చేతుల్లో లేదు. మొదలు చుట్టూ మట్టి వదలడం, వేసవికి ముందే ఎండుకొమ్మలు తీయించడం, రెండు వైపులా సమంగా కత్తిరించడం చేస్తే చాలావరకు ప్రమాదం తగ్గుతుంది. కాండం డొల్ల పడిందని తెలిసినవాళ్లు చూసి చెప్తే అప్పుడు వేరే సంగతి.

సాయంత్రం పూట పిల్లల్ని దీని కిందికి తీసుకెళ్లండి. పొద్దు వాలేసరికి ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటాయి. మబ్బు పట్టినా అంతే. కాయలు తియ్యగా, జిగటగా ఉంటాయి, పశువులు ఇష్టంగా తింటాయి.

మేపుల్, ఓక్, రెడ్‌వుడ్ ఎందుకు కనపడవు?

వాటికి చలి కావాలి. అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో, కెనడాలో పెరిగే చెట్లు చలికాలమంతా నిద్రపోతాయి. ఇన్ని వారాలు చలి పడితేనే మొగ్గ విచ్చుకోవాలన్న లెక్క వాటి ఒంట్లోనే ఉంటుంది. మన జనవరి వాటికి వసంతంలా ఉంటుంది. విత్తనం మొలిచినా ఒకటి రెండు వేసవులు చూసి ఎండిపోతుంది. పీకన్ గింజల చెట్టుదీ ఇదే ఇబ్బంది. అందుకే మన దేశంలో అది హిమాచల్, కశ్మీర్ వైపు పెరుగుతుంది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అయితే సముద్రం మీంచి వచ్చే పొగమంచు తాగి బతికే చెట్టు. మన ఎర్ర చల్క నేలలో, మే నెల వడగాడ్పుల్లో దాన్ని పెట్టడం దాన్ని హింసించడమే.

అమెరికా దక్షిణ రాష్ట్రాల చెట్ల సంగతి కొంత మెరుగు. వాటిలో నాకు బాగా ఇష్టమైంది బాల్డ్ సైప్రస్. అక్కడి చిత్తడి నేలల్లో, నీళ్లలో మోకాళ్లలా పైకి పొడుచుకొచ్చిన వేళ్లతో నిలబడుతుంది. నార్త్ కరోలినాలోని బ్లాక్ రివర్ ఒడ్డున 2,600 ఏళ్లు దాటిన చెట్టు ఉందని వలయాలు లెక్కించి తేల్చారు. దీనికి చుట్టమైన మెక్సికో జాతి చెట్టు ఒకటి ఒవహాకా దగ్గర తూలే ఊళ్లో ఉంది, కాండం అడ్డుకొలతే 11 మీటర్ల పైన. ఉత్తర భారతంలోని పాత తోటల్లో బాల్డ్ సైప్రస్ పెంచారు. ఇక్కడ పెంచాలంటే నీళ్లు తగ్గని చెరువు ఒడ్డు కావాలి. హైదరాబాద్‌లో ఇప్పుడు అలాంటి ఒడ్డు దొరకడమే కష్టం.

హిమచంపకం మొక్క కొన్నాం. పెరుగుతుందా?

పెరుగుతుంది, నిదానంగా. ఇది మాగ్నోలియా గ్రాండిఫ్లోరా, అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల చెట్టు. మిసిసిపీ, లూసియానాల రాష్ట్ర పుష్పం. పెద్ద తెల్ల పువ్వు, నిమ్మకాయ వాసన కలిసిన పరిమళం. ఈ వంశం భూమి మీద తేనెటీగల కంటే పాతది, అందుకే దీని పువ్వుకు పరాగసంపర్కం చేసేవి ఎక్కువగా పెంకు పురుగులు. రేకులు కూడా వాటి తొక్కుడుకు తట్టుకునేంత దళసరిగా ఉంటాయి.

మన దగ్గర దీనికి రెండు కష్టాలు. ఒకటి ఏప్రిల్, మే మధ్యాహ్నపు ఎండ, ఆకు అంచులు మాడతాయి. రెండోది బోరు నీళ్లలోని సున్నం, దానితో కొత్త ఆకులు పసుపుపచ్చగా పాలిపోతాయి. తూర్పు వైపు ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోట పెట్టండి. మొదలు చుట్టూ ఎండుటాకులు మందంగా పరచండి. దొరికినప్పుడల్లా వాన నీళ్లు పోయండి. కడియం నుంచి వచ్చే అంటు మొక్కలు విత్తనం మొక్కల కంటే త్వరగా పూస్తాయి.

మా అబ్బాయి డాలస్ నుంచి వస్తున్నాడు. అక్కడి చెట్ల విత్తనాలు తెమ్మనచ్చా?

వద్దు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం విత్తనమైనా, మొక్కైనా దిగుమతి అనుమతీ, ఆ దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య పత్రమూ లేకుండా తేకూడదు. ఇది వట్టి కాగితాల గొడవ కాదు. విత్తనంతో పాటు కంటికి కనపడని బూజు, పురుగు వస్తే నష్టపోయేది మన రైతులే.

ఇంకో మాట. డాలస్ వీధుల్లో గులాబీ రంగులో విరగబూసే క్రేప్ మర్టల్ ఆసియా చెట్టు. మనం తురకవేప అనే చెట్టు కూడా ఆసియా నుంచే టెక్సస్ వెళ్లి, అక్కడ ఎక్కడపడితే అక్కడ మొలిచి వాళ్లకు తలనొప్పి అయింది. అబ్బాయిని ఫోటోలు తెమ్మనండి చాలు.

సర్కారు తుమ్మ, సుబాబుల్ చెడ్డ చెట్లా?

చెట్టుగా చెడ్డవి కావు, చోటు దాటితే చెడ్డవి. సర్కారు తుమ్మను కరువు నేలల్లో వంటచెరకు కోసం తెచ్చారు. ఆ పని అది చేసింది, కాదనలేం. ఎన్నో ఊళ్లలో పేదవాళ్ల పొయ్యి దానితోనే వెలిగింది, బొగ్గు కాల్చి బతికినవాళ్లున్నారు. కానీ మేకలు, గొర్రెలు తీపి కాయలు తిని విత్తనాన్ని ఊరంతా చల్లుతాయి. కొట్టేసిన కొద్దీ మొదట్లోంచి మళ్లీ పిలకలేస్తుంది. చెరువు శిఖం, వాగు, బీడు అన్నీ ఆక్రమించేసి కింద గడ్డి కూడా మొలవనివ్వదు.

సుబాబుల్ కాగితం మిల్లులకు పనికొస్తుంది, ప్రకాశం, గుంటూరు వైపు రైతులు పంటగానే వేశారు. అయితే ప్రపంచంలో అతి మొండిగా వ్యాపించే 100 జాతుల జాబితాలో దీని పేరుంది. ఆకులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. అదే పనిగా మేపితే గుర్రాలకు, పందులకు వెంట్రుకలు రాలిపోతాయి. పొలంలో, కాయ ముదరక ముందే కొట్టే పద్ధతిలో పెంచుకుంటే సరే. అడవి పక్కన, గుట్టల మీద, పార్కుల్లో దీన్ని నాటడం తప్పని నా గట్టి అభిప్రాయం. అక్కడ నెమలినార, మోదుగ, సోమిడి లాంటి మన చెట్లు ఉండాలి.

కోనోకార్పస్ గురించి ఇన్ని మాటలు వింటున్నాం, నిజమేంటి?

ఇందులో రెండు జాతులు. ఒకటి ఫ్లోరిడా, కరీబియన్ తీరాల్లో మడ అడవుల అంచున పెరిగేది, రెండోది సోమాలియా, యెమెన్ వైపుది. మన దగ్గర హరితహారంలో, డివైడర్ల మీద దీన్ని విపరీతంగా నాటారు, తర్వాత సర్కారే ఆపించింది. ఇది ఆక్సిజన్ పీల్చుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుందన్న ప్రచారం తప్పు. పగటిపూట ఏ పచ్చటి ఆకైనా చేసే పనే ఇదీ చేస్తుంది. నా అభ్యంతరం వేరే ఉంది. కిలోమీటర్ల కొద్దీ ఒకే ఒక్క జాతి నాటితే ఒక్క తెగులు చాలు, అంతా పోవడానికి. పక్షికీ సీతాకోకచిలుకకూ కూడా దాంట్లో దొరికేది పెద్దగా ఏమీ లేదు.

వీటిలో విషపు చెట్లు ఉన్నాయా?

ఉన్నాయి. పచ్చగన్నేరును అస్సలు తేలిగ్గా తీసుకోవద్దు. పువ్వు పూజకు కోసుకుంటే ఫర్వాలేదు గానీ చెట్టు మొత్తం విషమే, ముఖ్యంగా కాయలోని గింజ. గుండె లయను దెబ్బతీస్తుంది. పిల్లలు గింజ నమిలారని అనుమానం వచ్చినా సరే, వాంతి అయ్యేదాకా ఎదురుచూడకుండా నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో, స్కూలు ఆవరణలో ఈ చెట్టు వద్దు.

దేవగన్నేరు పాలు చర్మానికి మంట పుట్టిస్తాయి, కళ్లలో పడకుండా చూసుకోండి. గ్లిరిసిడియా గింజలు, బెరడు ఎలుకల మందుగా వాడేవారు, నోట్లో పెట్టుకోకూడదు.

దేవగన్నేరులో తేనె ఉంటుందా?

చుక్క కూడా ఉండదు. రాత్రికి వాసన పెంచి, తేనె ఉందని గద్దచిమ్మెటలు (హాక్ మాత్‌లు) అనే రాత్రి పురుగులను మోసం చేస్తుంది. అవి పువ్వు పువ్వుకూ వెతుక్కుంటూ తిరిగి పుప్పొడి మోస్తాయి.

మహాగని వేస్తే ఎకరాకు కోట్లు వస్తాయంటున్నారు, వేయమంటారా?

తొందరపడొద్దంటాను. మహాగని గొప్ప చెట్టే. మనతో దాదాపు అదే అక్షాంశం మీదున్న బెలీజ్‌కు జాతీయ వృక్షం, వాళ్ల జెండా మీద కూడా ఉంది. పెద్దాకు మహాగనిని సొంత అడవుల్లో ఎంతగా నరికారంటే, 2003 నుంచి అక్కడి కలప అంతర్జాతీయ వ్యాపారం మీద, అంతరించిపోయే జాతులను కాపాడే సైటిస్ ఒప్పందం కింద నియంత్రణ పెట్టాల్సి వచ్చింది. ఆ ధర చూపించి ఇక్కడ మొక్కలు అమ్ముతున్నారు.

కానీ దాని సొంత అడవుల్లో పడే వాన మన 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన కంటే బాగా ఎక్కువ. పైగా హిప్సిపైలా అనే పురుగు లేత చిగురును లోపలి నుంచి తొలిచేస్తుంది. దాంతో నిటారుగా పోవాల్సిన మొక్క కింద నుంచే చీలి గుబురైపోతుంది, కలపకు పనికిరాదు. వాళ్లు చూపించే ధర వచ్చేది ముదిరిన చేవకు, పదేళ్ల కర్రకు కాదు. గట్టు మీద నాలుగు వేసుకోండి, నీడకైనా ఉంటాయి. ఉన్న పొలమంతా పెట్టి, అప్పు చేసి మాత్రం వద్దు.

పిల్లలకు చూపించడానికి ఒక్క చెట్టు చెప్పండి.

ఒకటి చెప్పమంటే సీమచింతే చెప్తాను. కాయ చుట్టలు చుట్టుకుని ఉంటుంది, మన నగరంలో జంగిల్ జలేబీ అని బండి మీద అమ్మేది ఇదే. పండితే తొక్క గులాబీ రంగుకు తిరిగి, కుట్టు వెంబడి తనంతట తాను విచ్చుకుంటుంది. లోపల తెల్లటి, ఒక్కోసారి ఎర్రటి మెత్తటి గుజ్జు, మధ్యలో నల్లగా మెరిసే గింజ. కొన్ని చెట్లవి తియ్యగా, కొన్నిటివి వగరుగా ఉంటాయి. ఆకును పిల్లల చేతికిచ్చి లెక్కపెట్టమనండి: ఒక తొడిమ రెండుగా చీలి, ఒక్కోదానికి రెండేసి రెక్కలు, మొత్తం నాలుగు. ఆ తొడిమ మొదట్లో జత ముళ్లుంటాయి, జాగ్రత్త.

రెండోది కూడా చెప్పమంటే సపోటా. గోరుతో బెరడు గీరితే పాలు కారతాయి. ఆ పాలు కాచి గడ్డకట్టించిన చికిల్‌నే మాయా ప్రజలు నమిలేవారు, 19వ శతాబ్దంలో న్యూయార్క్‌లో థామస్ ఆడమ్స్ చూయింగ్ గమ్ చేసి అమ్మిందీ దానితోనే. కర్ర ఎంత గట్టిదంటే, గ్వాటెమాలా అడవుల్లోని టికాల్ గుడుల ద్వారబంధాల మీద వెయ్యేళ్ల కిందట పెట్టిన సపోటా దూలాలు మన కాలం దాకా నిలిచాయి.

తోటలో రాలిన విత్తనాలు ఇంటికి తెచ్చుకోవచ్చా?

ముందు సిబ్బందిని అడగండి, తోటను బట్టి నియమాలు మారతాయి. ఒప్పుకుంటే టబేబుయా, తెల్లబూరుగ విత్తనాలు తాజాగా ఉన్నప్పుడే, అదే వారంలో కుండీలో వేయండి, పాతబడితే మొలకెత్తడం బాగా తగ్గిపోతుంది. దేవగన్నేరుకు విత్తనం అక్కర్లేదు. మోచేయంత కొమ్మ తెచ్చి, కోసిన చోట పాలు ఆరేదాకా వారం పది రోజులు నీడలో పడేసి, ఆ తర్వాత ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. వేళ్లు పట్టేదాకా నీళ్లు తక్కువగా పోయాలి, ఎక్కువైతే మొదలు కుళ్లిపోతుంది.